కొత్త అడ్రసు, పాత బి.ఎ.

విషయం: బ్లాగు – స్థలమార్పిడి – బ్లాగరు వ్యక్తిగత జీవిత విశేషాలు – పాఠక లోకానికి తెలియజేయుట – గురించి.

సూచిక: పాత బ్లాగు కంపెనీవారి మూసివేత నోటీసు.

పై విషయాన్ని పురస్కరించుకుని ప్రపంచం నలుమూలలా ఉన్న తెలుగువారందరికీ తెలియజేసేదేమంటే, పద్నాలుగేళ్ళుగా జాతిని మేలుకొలుపుతున్న 'హంద్రీ ఒడ్డున' అనే బ్లాగు కొత్త చోటికి మారింది! రాసేవాడు మాత్రం మారలేదు. కాబట్టి జాతి ఆందోళన చెందనవసరం లేదు.

జాతి ఆందోళన చెందిన దాఖలాలు ఏవీ నాకు కనిపించలేదు. అది వేరే సంగతి. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి కాగితాలే రాస్తున్నాను. చదివేవాడు ఉన్నాడా లేడా అన్నది కాగితం రాసేవాడి పని కాదు.

నేను కోడుమూరులో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. మా చర్చిలో సంఘ పెద్దను. పేరు ఎం. వసంతకుమార్, బి.ఎ. ఈ బి.ఎ. గురించి తర్వాత చెబుతాను. వీలైతే చెప్పకుండా తప్పించుకుంటాను.

మా గేటుకి ఒక రేకు బోర్డు ఉంది. 'ఎం. వసంతకుమార్, బి.ఎ., రచయిత' అని పెద్ద అక్షరాలు, కింద బ్లాగు అడ్రసు చిన్న అక్షరాలు. అడ్రసు మారింది గనక బోర్డూ మారాలి. పెయింటరు దేవేంద్రప్పకి కబురు పెట్టాను. ఉరుసు బోర్డుల పనిలో ఉన్నానని, రెండు వారాలు ఆగి ఆదివారం మధ్యాహ్నం వస్తానని చెప్పాడు. సాహిత్యం కోసం రెండు వారాలు ఆగలేనా? ఆగాను.

బ్లాగు మార్చే పని బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటరు నడిపే ముస్తాక్‌కి అప్పగించాను. నలభై ఏళ్ళ మనిషి, మా వీధే. ఈ మండలంలో ఏ దరఖాస్తు కదలాలన్నా అతని వేళ్ళ మీదుగా కదలాల్సిందే. పాత రాతలన్నీ కొత్త చోటికి లాగుతూ ఉన్నట్టుండి ఆగాడు.

"అన్నా, ఈ 'అజ్ఞాత' అనేటాయప్ప ఎవురు?"

"ఎవరో అభిమాని అప్పా."

"అభిమాని మెయిలు కాడ నీ మెయిలు ఉండాది గదన్నా!"

జరిగిందేమిటంటే, కొత్త చోట అజ్ఞాతంగా ఉండే సౌకర్యం లేదట. ఏ మెయిలు నుంచి వ్యాఖ్య వచ్చిందో ఆ పేరే కింద పడుతుంది. నేను తెర వైపు వంగి చూశాను. 'వసంతకుమార్ గారూ, మీ కలం కలకాలం వర్ధిల్లాలి! – వసంతకుమార్.' దాని కింద, 'ఇంత లోతుగా రాసేవారు సీమలో మరొకరు లేరు – వసంతకుమార్.' ఆ కింద, 'పై ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను – వసంతకుమార్.'

ముస్తాక్ మంచివాడు. నవ్వాలనుకున్న నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. "తీసేయాల్నా అన్నా?" అన్నాడు.

"తీసెయ్యప్పా."

మూడు వందల పన్నెండు వ్యాఖ్యలు పోయాయి. పద్నాలుగేళ్ళ సాహితీ సేవకి తొమ్మిది మిగిలాయి.

"ఈ తొమ్మిదీ నీవి కావన్నా. ఎవరో 'పాఠకురాలు' అంట. మెయిల్లో పేరు ల్యా, ఉత్త నెంబర్లే."

నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. పాఠకురాలు! నిజమైన మనిషి! నేను కాని మనిషి! రోజుకి నా బ్లాగుకి మూడు సందర్శనలు వస్తాయి. అందులో ఒకటి నా ఫోను, ఒకటి ఆఫీసు కంప్యూటరు. ఆ మూడోది ఈమే.

ఈమెకీ నాకూ పరిచయం రెండేళ్ళ కిందటి మహిళా దినోత్సవం నాటిది. ఆ రోజు ఒక గొప్ప వ్యాసం రాశాను. 'ఇల్లాలికి అక్షరమే ఆభరణం' అన్నాను. ఊపులో ఉండి, 'ఈ ఏడాది నా శ్రీమతిని ఓపెన్ యూనివర్సిటీలో బి.ఎ. చేర్పిస్తున్నాను' అని కూడా రాసేశాను. వ్యాసం అన్నాక ముగింపు బలంగా ఉండాలి కదా. మేలో పాఠకురాలు అడిగింది, 'చేర్పించారా సార్?' అని. 'వివరాలు త్వరలో' అని జవాబిచ్చాను. జూలైలో మళ్ళీ అడిగింది, 'ఈ నెలాఖరే ఆఖరు తేదీ అంట సార్, చేర్పించారా?' అని. పట్టువదలని మనిషి! 'చేర్పించేశాను తల్లీ!' అని రాసి ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు ఆమె ఆఖరి వ్యాఖ్య తెర మీద మెరుస్తోంది. 'సార్, ఈ మధ్య మీ ఇంటి విశేషాలేవీ రాయడం లేదు. మీ శ్రీమతి చదువు ఎంతవరకు వచ్చింది?'

ఆమె కోసమే, కొత్త చోట మొదటి టపాగా నా వ్యక్తిగత జీవిత విశేషాలు రాశాను.

అందులో ముందుగా ఆరోగ్యం గురించి. 'తెల్లవారుజామున ఐదు కిలోమీటర్లు నడుస్తున్నాను, టీ మానేశాను' అని రాశాను. నడుస్తున్న మాట నిజం. టీ కొట్టు దాకా నడుస్తున్నాను. ఐదు కిలోమీటర్లు అన్నదీ అబద్ధం కాదు, పది రోజులవి కలుపుకోవాలి, అంతే.

తర్వాత వంట. 'ఆదివారం వంట నాదే, ఆ రోజు శ్రీమతికి విశ్రాంతి' అని రాశాను. నెలకి రెండు ఆదివారాలు నా భార్య రెజీనా, ఆరాధన అయిన వెంటనే పదకొండు గంటల బస్సెక్కి, స్త్రీల సమాజం ప్రెసిడెంటు విశ్వాసమ్మతో కలిసి కర్నూలు పెద్దాసుపత్రికి పోతుంది. అక్కడ రోగుల్ని పరామర్శించి, ప్రార్థన చేసి, పొద్దుగూకేసరికి వస్తుంది. పోయేముందు తెల్లారే లేచి కోడికూర, అన్నం వండి మూత పెట్టి పోతుంది. నేను వేడి చేసుకుంటాను. వేడి చేయడం వంటలో భాగం కాదని ఎవరైనా రుజువు చేయగలరా?

ఇక అసలు విషయం. చేర్పించింది కిందటేడు కాదు, ఆ ముందు ఏడు. వేళ్ళు మడిచి లెక్కవేశాను. అబద్ధమైనా సరే, నాకు లెక్క తప్పకూడదు. 'నా శ్రీమతి రెజీనా ప్రస్తుతం బి.ఎ. రెండో సంవత్సరం. ఆదివారాలు నేనే స్కూటరు మీద తరగతులకి దింపి వస్తున్నాను. ఈ మార్చిలోనే పరీక్షలు' అని రాశాను. ఆదివారం వంటా నేనే, స్కూటరూ నేనే. ఒకే రోజు రెండు చోట్ల ఉండగలిగినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. ఇరవై ఆరేళ్ళ కిందట నేను రెజీనాని చూడటానికి పోయినప్పుడు, మా మామ లేవి గారు ఒకే ఒక మాట అడిగారు. ఆయన పొలం కూలీ. కూతురు ఇంటరులో కాలేజీ మొత్తానికి ఫస్టు. ఆ మార్కుల మెమో తెచ్చి నా చేతిలో పెట్టి, "అబ్బోడా, నాకు ఇచ్చేకి ఏమీ ల్యా. ఈ పాప చదువు మాత్రం నిలపొద్దు" అన్నారు. అట్లనే అన్నాను. మెమో తెచ్చి బీరువా లాకర్లో పెట్టి తాళం వేశాను. ఇరవై ఆరేళ్ళు భద్రంగా ఉంది. ఆమె అడిగినప్పుడల్లా 'చూస్తాం' అన్నాను. అమ్మాయి కృపారాణి పుట్టినప్పుడు చూస్తాం, బడికి పోయినప్పుడు చూస్తాం, కడపలో నర్సు ఉద్యోగంలో చేరినప్పుడు కూడా చూస్తాం. ఆఫీసులో ఫైలుని చంపకుండా పండబెట్టే విద్య నాకు వెన్నతో పెట్టింది.

ఎందుకు పండబెట్టానంటారా? తప్పించుకోలేనని తెలుస్తూనే ఉంది, చెప్పేస్తాను. నా బి.ఎ.లో ఇంగ్లీషు రెండో పేపరు పోయింది. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది. మా నాన్న సర్వీసులో ఉండగా చనిపోతే, ఆయన ఉద్యోగం నాకిచ్చారు. సర్వీసు రిజిస్టరులో నా చదువు ఇంటరే. బోర్డు మీద మాత్రం బి.ఎ. ఒక్క పేపరే కదా పోయింది! పోయిన పేపరు కూడా రాయించడానికి రేకు మీద జాగా లేదు. ఇలాంటి ఇంట్లో ఆమె కూడా బి.ఎ. చదివితే, అన్ని పేపర్లూ పాసయితే, నా గతేమిటి?

టపా పెట్టాక నేను ఒక పొరపాటు చేశాను. అడ్రసు మారిన సందర్భం కదా అని, చర్చి వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాను.

మా స్త్రీల సమాజానికి ఒక పద్ధతి ఉంది. గ్రూపులో ఎవరు ఏం పెట్టినా సరే, అది ఆదివారానికి ప్రార్థన అంశమో స్తుతి అంశమో అయి తీరుతుంది. ఒకాయన బోరు ఎండిపోయిందని ఫోటో పెడితే ప్రార్థన అంశం. ఇంకొకాయన పొరపాటున మోకాలి ఎక్స్‌రే పెడితే అదీ ప్రార్థన అంశమే. ఎక్స్‌రే ఆయనది కాదు, వాళ్ళ బావది. అయినా ఆయన మోకాలికే ప్రార్థన జరిగింది.

ఆదివారం ఆరాధన చివర విశ్వాసమ్మ లేచి కళ్ళద్దాలు సవరించుకుంది. అరవై ఏళ్ళ మనిషి, టీచరుగా రిటైరైంది. మైకు అవసరం లేని గొంతు.

"స్తుతి అంశం! మన సంఘ పెద్ద వసంతకుమార్ గారు రాసుకున్నారు, యథాతథంగా సదువుతాండా. 'నా శ్రీమతి రెజీనా ప్రస్తుతం బి.ఎ. రెండో సంవత్సరం. ఆదివారాలు నేనే స్కూటరు మీద తరగతులకి దింపి వస్తున్నాను.' దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అంది చర్చి అంతా.

ఆడవాళ్ళ వైపు చూశాను. రెజీనా నెమ్మదిగా ముసుగు సర్దుకుంది. కాదనలేదు! అప్పుడు పాస్టరు జయపాల్ అయ్యగారు పులకించిపోయి లేచారు.

"చూసినారా! భార్యను చదివించే భర్తలు మన కోడుమూరులో ఎంతమంది ఉండారు? వచ్చే ఆదివారం పది, ఇంటరు పిల్లోళ్ళ హాల్ టికెట్లకి ప్రార్థన ఉండాది గదా, రెజీనమ్మ హాల్ టికెట్టు కూడా ఆ పిల్లోళ్ళవాటితో పాటు బల్ల మీద పెడదాం. ఆ దినం వసంతకుమార్ గారు సాక్ష్యం చెప్తారు!"

మా చర్చిలో ఏటా పరీక్షల ముందు పిల్లలు హాల్ టికెట్లు, పెన్నులు తెచ్చి బల్ల మీద పెడతారు. అయ్యగారు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, నెంబరుతో సహా చదివి ప్రార్థన చేస్తారు. ప్రతి ఒక్కటీ! మధ్యలో ఒకటి లేకపోతే ఊరంతటికీ తెలుస్తుంది. ఒక్క వారంలో, లేని చదువుకి ఉన్న హాల్ టికెట్టు తేకపోతే సంఘ పెద్ద అబద్ధాలకోరని రాతపూర్వకంగా రుజువవుతుంది.

ఇంటికి రాగానే అడిగాను. "కాదని చెప్పకపోయినావా?"

"మీరు రాసినారు గదా," అంది రెజీనా, చెప్పులు విడుస్తూ. "నేను కాదంటే మీ మర్యాద ఏం గావల్ల?"

అంతే! వంటింట్లోకి పోయింది. ఆ శాంతం చూస్తే నాకు ఇంకా భయం వేసింది.

సోమవారం సిగ్గు విడిచి ముస్తాక్ దగ్గరికి పోయాను. "అప్పా, ఒక హాల్ టికెట్టు కావల్ల. అచ్చం నిజంది మాదిరి."

ముస్తాక్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఏందన్నా ఇది! లేని హాల్ టికెట్టు యాడ్నుంచి తీయల్ల? ఆధారు కార్డులో తాలూకా తప్పు పడితే దిద్దియ్యమన్నా దిద్దను నేను. నా పిల్లోళ్ళు ఉండారు. పో, ఇంటికాడ అక్కను అడుగుపో."

"అక్కను ఏమని అడగల్ల?"

"ఏమైనా అడుగు. అడిగి సూడు," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి జిరాక్స్ మిషను మూత తెరిచాడు.

మంగళ, బుధ, గురువారాలు ఆఫీసులో ఒక్క ఫైలు కూడా ముందుకి కదల్లేదు. ఎప్పుడూ కదలవు, కానీ ఆ మూడు రోజులు నేను కదలనివ్వక కాదు, నిజంగానే చేతకాక. శుక్రవారానికి ఒక నిర్ణయానికొచ్చాను. హాల్ టికెట్టు ఎటూ దొరకదు. కనీసం కొత్తగా చేర్పించినట్టు ఒక రసీదైనా చూపిస్తే, 'రెండో సంవత్సరం అన్నది చేయి జారి పడ్డ అక్షరం' అని సర్దుకోవచ్చు. బీరువా తెరిచాను. లాకరు తెరిచాను. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆ కవరు వెలుగు చూసింది. మెమో తళతళా మెరిసిపోతోంది. పాత కాగితం ఇంత కొత్తగా ఉందంటే నా సంరక్షణ ఎంత గొప్పదో అనుకున్నాను!

ముస్తాక్ దగ్గరికి పట్టుకుపోతే, అతను దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి కూడా చూడకుండా తిరిగి ఇచ్చేశాడు.

"ఇది పనికిరాదన్నా. కలర్ జిరాక్సు."

"నీకెట్ల తెలుసు?"

"నేనే తీసినా గదా. పోయినేడు కాదు, ఆ ముందేడు జూలైలో." చెప్పేశాక నాలిక కరుచుకున్నాడు. "అన్నా, ఇంగ నన్నేమీ అడగొద్దు. ఆ యమ్మకు మాటిచ్చినా."

నేను ఇల్లు చేరేసరికి రెజీనా చింతపండు గింజలు తీస్తోంది. జిరాక్సుని ఆమె ముందు పెట్టాను. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న బైబిలు సంచి తెచ్చింది. ఇరవై ఆరేళ్ళలో నేను ఆ సంచి ఒక్కసారి కూడా తెరవలేదు. సంఘ పెద్దకి బైబిలు సంచి తెరిచే తీరిక ఎక్కడిది! ఆమె తెరిచింది. బైబిలు తీసింది. దాని కింద రెండు లావు పుస్తకాలు, ఒక నోట్సు. బైబిలు మధ్యలో నుంచి మడత పెట్టని ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది.

హాల్ టికెట్టు. బి.ఎ., రెండో సంవత్సరం. ఎం. రెజీనా. పక్కన ఆమె ఫోటో. ఫోటోలో ఆమె కొంచెం నవ్వుతోంది. ఆ నవ్వు నేను చూసి చాలా ఏళ్ళయింది.

"మీరు నిలబడి ఉండారు, కూసోండి," అంది.

కూర్చున్నాను.

"బ్లాగులో 'చేర్పించేశాను తల్లీ' అని జవాబు రాసినారు సూడండి, ఆ దినమే పోయి చేరినా. మీ మాట పోగూడదని."

"ఆ జవాబు... నీకెట్ల..."

"అడిగింది నేనే గదా. మన పాప కృపారాణి ఫోన్లో చేసి ఇచ్చిపోయినాది, ఆ పాఠకురాలి పేరు. ఇంట్లో అడిగితే 'చూస్తాం' అంటారు. ఆడ అడిగితే 'సార్' అన్నందుకైనా మర్యాదగా జవాబు ఇస్తాండారు. అందుకే ఆడ అడిగినా."

పద్నాలుగేళ్ళు. ఒక్క పాఠకురాలు. ఆమె కూడా మా వంటింట్లోనే!

"మరి ఆసుపత్రి?" అన్నాను. ఏదో ఒక తప్పు ఆమె మీద కూడా ఉండాలని నా మనసు వెతుకుతోంది.

"ఆసుపత్రికీ పోతాం. క్లాసు అయిపోయినాక పోతాం. విశ్వాసమ్మక్క క్లాసు బయట కూసోని నాకోసం కాసుకోని ఉంటాది. లాకరు తాళం యాడ పెడతారో నాకు ఎప్పుడో తెలుసు. పెండ్లయిన ఏడాదే తెలుసు. తీసేకి ధైర్యం రానిది ఇన్నేండ్లు." ఆమె జిరాక్సుని తన వైపు జరుపుకుంది. "మా నాయన అడిగిపోయినాడు, పోయేముందు. 'పాపా, సదువుతాండావా?' అని. 'సదువుతాండా నాయనా' అని చెప్పినా. అప్పుడు అది అబద్ధం. దాన్ని నిజం చేయల్ల గదా."

నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. ఇది బ్లాగు కోసం రాస్తున్న వాక్యం కాదు. మేమిద్దరం అబద్ధం ఆడినవాళ్ళమే. ఆమె తన అబద్ధానికి బాకీ పడి, తెల్లవారే లేచి కోడికూర వండి, బస్సెక్కి పోయి దాన్ని నిజం చేసుకుంది. నేను ఆ కోడికూర వేడి చేసుకుని తిని, 'ఆదివారం వంట నాదే' అని రాశాను.

రాత్రంతా ఆలోచించి ఒక నిశ్చయానికొచ్చాను. సంఘం ముందు నిజం చెప్పేస్తాను! పద్నాలుగేళ్ళలో నా మొదటి నిజమైన టపా అది. పాఠకులు కూడా పుష్కలం, నూట యాభై మంది!

ఆదివారం బల్ల మీద ఇరవై మూడు హాల్ టికెట్లు చేరాయి. అయ్యగారు రెజీనాది ఆఖరున చేతిలోకి తీసుకుని, నెంబరు చదివి, ప్రార్థన చేశారు. పది చదివే పిల్లల మధ్య నలభై ఐదేళ్ళ నా భార్య తలవంచి నిలబడింది. తర్వాత అయ్యగారు నావైపు తిరిగారు.

"సాక్ష్యం చెప్పండి బ్రదర్. ఇంతకీ క్లాసులు యాడ జరుగుతాండాయి?"

మొదటి ప్రశ్నకే పాత అలవాటు నోటికొచ్చింది. "కర్నూల్లో... ఆ... బస్టాండు దగ్గర."

"ఏ బస్టాండు?" అంది ముందు వరసలో నుంచి విశ్వాసమ్మ. ఆమె కళ్ళద్దాల వెనక ఎంత ఆనందముందో నాకు స్పష్టంగా కనిపించింది. పోయిన వారం 'యథాతథంగా' అని ఎందుకు నొక్కి చెప్పిందో కూడా అప్పుడే అర్థమైంది.

ఇక లాభం లేదు. గొంతు సవరించుకున్నాను.

"నాకు తెలీదయ్యగారూ. నేనెప్పుడూ దింపలేదు. నేను ఆమెను చేర్పించలేదు. పైగా అడ్డం పడినాను. ఇరవై ఆరేండ్లు అడ్డం పడినాను. ఆమె ఏం సబ్జెక్టులు చదువుతాందో కూడా నాకు తెలీదు. నేను చేసింది ఏమీ లేదు. అంతా ఆమే చేసుకున్నాది."

అయ్యగారు జేబులోంచి రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు.

"చూసినారా!" అన్నారు. "చూసినారా, ఏమి తగ్గింపు! భార్యను స్కూటరు మీద మోసి చదివించి, 'నేనేమీ చేయలేదు' అంటాండాడు ఈ మనిషి! చేసింది చెప్పుకోని తిరిగే ఈ కాలంలో ఇట్లాంటోళ్ళు యాడ దొరుకుతారు?"

"స్తోత్రం!" అంది సంఘం.

"లేదయ్యగారూ, నిజంగానే అడ్డం..."

"సాలు బ్రదర్, సాలు! ఇంగ మేము తట్టుకోలేం!"

"స్తోత్రం! స్తోత్రం!"

జీవితంలో మొదటిసారి నిజం చెబితే, నా అబద్ధాలన్నిటికంటే దానికే ఎక్కువ పేరొచ్చింది. ఆరాధన అయ్యాక పదిమంది నా చేయి పట్టుకుని ఊపారు. ముగ్గురు ఆడవాళ్ళు వాళ్ళ మొగుళ్ళను లాక్కొచ్చి నన్ను చూపించారు. ఇంకా ఘోరం ఏమిటంటే, రెండో మనిషి చేయి ఊపేసరికి నాకు అది బాగుందనిపించింది. నాలుగో మనిషికి 'అబ్బే, ఇందులో నాదేముంది' అని వినయంగా అనడం కూడా వచ్చేసింది. రెజీనా దూరం నుంచి నన్ను చూస్తోంది. పెదవి కొంచెం వంకరగా ఉంది. అది నవ్వో కాదో తేల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి దేవేంద్రప్ప నిచ్చెన వేసుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. అడ్రసు తుడిచేసి కొత్తది రాసేశాడు.

"పైన కూడా రంగు పోయినాది సార్. మళ్ళీ దిద్దాల్నా?" అని అడిగాడు.

ఊరంతా మెచ్చుకున్న నా తగ్గింపు ఇంకా వేడిగానే ఉంది. "దేవేంద్రప్పా, ఆ బి.ఎ. తుడిచెయ్యప్పా," అన్నాను గంభీరంగా.

"వద్దు," అంది వెనక నుంచి రెజీనా. "బి.ఎ. ముట్టుకోవద్దప్పా. దాని ముందర ఉండే పేరు తుడిచెయ్యి. వచ్చే ఏడు రిజల్టు వచ్చినాక వచ్చి నా పేరు రాసిపో. అంతవరకు బి.ఎ. ఒగటే ఉండనీ."

దేవేంద్రప్ప నావైపు చూశాడు. నేను గేటు వైపు చూశాను. అతను పేరు తుడిచేశాడు. 'రచయిత' ఉంచాలా తీయాలా అని ఎవరూ అడగలేదు గనక అది కూడా ఉండిపోయింది.

ఇవీ ఈ మధ్య నా వ్యక్తిగత జీవిత విశేషాలు. ప్రస్తుతం మా ఇంటికి పేరు లేదు, డిగ్రీ మాత్రం ఉంది. ఆదివారాలు స్కూటరు తీస్తున్నాను. సెంటరు పాత బస్టాండు అవతల, రెండో సందులో ఉంది. కూర ఇంకా ఆమే వండుతోంది. అబద్ధం చెప్పను, కనీసం ఈ టపాలో చెప్పను.

ఇదంతా రాసి నిన్న సాయంత్రం కొత్త అడ్రసులో పెట్టాను. పది నిమిషాలు కాకముందే వ్యాఖ్య వచ్చింది.

'చదివాను సార్, బాగుంది. మీ ఇంగ్లీషు రెండో పేపరు సంగతి ఏమయింది? ఓపెన్లో మళ్ళీ చేరొచ్చంట. నెలాఖరే ఆఖరు తేదీ. – పాఠకురాలు.'

జవాబు రాయడానికి వేళ్ళు మీటల మీద పెట్టాను. 'వివరాలు త్వరలో' అనడానికి 'వి' పడిందో లేదో, వంటింట్లో నుంచి గొంతు వినిపించింది.

"'చేరేసినాను తల్లీ' అని మాత్రం రాయొద్దండి. ఈ తూరి మీ బదులు పోయి చేరేకి నాతో కాదు."